మూడో గడి

"ఇంక లాభం లేదక్కా. అతని పేరు తీసేస్తున్నా" అంది లీడరమ్మ, ల్యాప్‌టాప్ దగ్గరికి జరుపుకుని.

"ఇంకొక్కసారి అడిగి చూడవే. పిల్లలున్నవాడు" అంది టైలరక్క, తెర మీది రెండో గడిలోంచి. పళ్ళ మధ్య దారం అలాగే ఉంది.

"ఎనిమిది వారాల్నుంచి అడుగుతూనే ఉన్నాంగా! మేస్త్రీగారూ, ఉన్నారా?"

మూడో గడి నల్లగా ఉంది. ఉలుకూ పలుకూ లేదు.

ఆ గడిలో ఉన్నది బేకరీ మేస్త్రీ. పని చేసుకుంటూ ఇంటి నుంచే డిగ్రీ చదివే ఈ ముగ్గురినీ యూనివర్సిటీ వాళ్ళు ఒక జట్టు చేశారు. చిన్న కొట్లలో మిగిలిపోయిన సరుకు ఏమవుతుందో కలిసి రాయాలి. మొదటి రోజు మేస్త్రీ బాగానే మాట్లాడాడు, పాపం.

"మా నెట్టు అంతంతమాత్రం, నా మొహం కనపడదమ్మా. చూసినా పెద్ద లాభం లేదులెండి. చేతులు ఎప్పుడూ పిండిలోనే, టైపు కొట్టలేను. నోటితో చెప్తా. ఇప్పటికే రెండుసార్లు తప్పాను, ఇదీ పోతే ఇంక రాయనివ్వరు."

లీడరమ్మ మహా చురుకైన పిల్ల. ఆ పూటే పనులు పంచింది, గడువులు రాసింది, మేస్త్రీ వెనక పిండి మిషను గుర్రుమంటుంటే ఆ మోతనూ ఒక్క నొక్కుతో ఆపేసింది. "అమ్మయ్య, చెవులు బతికాయి" అని అక్క నవ్వింది కూడా.

తర్వాత మేస్త్రీ ప్రతివారం ఠంచనుగా వచ్చేవాడు, చివరిదాకా ఉండేవాడు. మాట మాత్రం లేదు. అక్క 'మౌనస్వామి' అని పేరు పెట్టింది.

"హాజరు కోసం ఫోను అక్కడ పడేసి పోతాడక్కా. మనం కళ్ళు కాయలు కాచేలా రాస్తే తనకి మార్కులా?" అంది లీడరమ్మ, ఆ నల్లటి గడి వంక చూస్తూ.

అక్క దారం తెంపింది. "సరే, నీ ఇష్టం."

రెండు పేర్లతోనే పంపేశారు.

పది రోజులకి మార్కులొచ్చాయి. ఇద్దరూ గట్టెక్కారు, మేస్త్రీ తప్పాడు. 'రాత బాగుంది. కొట్టులో పనిచేసేవాళ్ళ మాట ఒక్కటైనా ఉండాల్సింది' అని మాస్టారు కింద రాశారు.

ఆ సాయంత్రమే మేస్త్రీ నుంచి మెసేజీ వచ్చింది.

'చేతులు కడుక్కుని రాస్తున్నా చెల్లెమ్మా. మా బేకరీలో మిగిలిన రొట్టెలు ఎవరెవరికి పోతాయో ప్రతివారం చెప్పాను. మీరిద్దరూ ఒక్కదానికీ బదులివ్వలేదు. నాబోటివాడి మాట మీకు ఆనలేదేమో అనుకున్నా. పేరు తీయొద్దని ఆఖరి రోజు అంత బతిమాలాను. సరే, మీరు పైకి రావాలి.'

"ఎంత అబద్ధం! ఎప్పుడు బతిమాలాడు?"

లీడరమ్మ ఉక్రోషంగా ల్యాప్‌టాప్‌లో జట్టు గది తెరిచింది. లీడరుకి మాత్రమే కనిపించే, ఆమె తప్ప ఎవరూ మార్చలేని మీటలు ముగ్గురి పేర్ల పక్కనా వరసగా ఉన్నాయి.

మేస్త్రీ మైకు, మొదటి రోజు ఆమె ఆపింది ఆపినట్టే ఉంది.