పెద్దసారు పీక్

పీక్ రావడం లేదు.

"అది రాకపోతే నిన్ను పీకేస్తా" అన్నాడు పెద్దసారు. జోక్ కాదు. ఆయన జోకులు వేయడు.

పని ఇదీ. న్యూట్రాన్ వెళ్లి అణుకేంద్రకాన్ని గుద్దుతుంది. తన ఊపులో కొంత అక్కడే పోగొట్టుకుని, నీరసంగా పక్కకు పోతుంది. గుద్దు తిన్న కేంద్రకం వణికి, ఒక గామా కిరణం కక్కి, అప్పుడు కుదుటపడుతుంది. ఆ కిరణాల్ని కొలిస్తే తెర మీద గీత లేస్తుంది. జిర్కోనియం అనే లోహంలో ఫలానా చోట అది నిటారుగా లేస్తుందని, అదే పీక్ అని పెద్దసారు కుర్రతనంలోనే తేల్చాడు. పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. ఆయనకు కుర్చీ వచ్చింది. అడ్డు ప్రశ్న వేసినవాళ్లకు ఉద్యోగం పోయింది.

ఇప్పుడు ఆయన కింద పరిశోధన చేస్తున్న అమ్మాయి వంతు. వలయంలా గుండ్రంగా ఉన్న జిర్కోనియం నమూనాను ఆమె సన్నటి దారాలతో వేలాడదీసి, మళ్లీ మళ్లీ కొలిచింది. ఆ చోట గీత చాప పరిచినట్టు పడుకునే ఉంది.

"దారాలేంటి, బొమ్మలాటా?" అన్నాడు పెద్దసారు. "మేం ఇనుప స్టాండు మీద పెట్టేవాళ్లం. స్టోర్‌లో పడుంది, తెచ్చుకో. రేపు కమిటీ ముందు నా పీక్ రావాలి. లేదా బ్యాగు సర్దుకో."

"అలాగే సార్. మీ స్టాండే పెడతాను."

మర్నాడు కంట్రోల్ రూములో కాలు పెట్టే చోటు లేదు. ఆమె న్యూట్రాన్ల ధార పడే బీమ్ గదిలో ఇనుప స్టాండు నిలబెట్టి, బయటికొచ్చి తలుపు వేసింది. యంత్రం నడిపే బాబాయ్ మీట నొక్కాడు.

"కడియం కొత్తదా తల్లీ?"

"ఇవాళ్టికే బాబాయ్."

గీత లేచింది. పెద్దసారు చెప్పిన చోటే. చెప్పినంత నిటారుగానే.

"చూశారా!" ఆయన బల్ల చరిచాడు. "చేతకానివాళ్లే లేదంటారు. ఇప్పుడైనా ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటాను సార్. మీ స్టాండు పెడితే వస్తుంది."

అందరూ చప్పట్లు కొట్టారు. కమిటీ పెద్దావిడ మాత్రం కళ్లజోడు సర్దుకుంది.

"ఇంత గొడవ పెట్టిన ఆ నమూనా ఎలా ఉంటుందమ్మా? ఒకసారి చూపించు."

నమూనా బయటికి తెచ్చేందుకు బాబాయ్ బీమ్ ఆపబోయాడు.

"ఆపక్కర్లేదు బాబాయ్" అని, ఆమె చేతికున్న కడియం తీసి పెద్దావిడ అరచేతిలో పెట్టింది.