దూలం మీద గ్లాడిస్

"ఎవరు నాయనా అది? నా ఇంటి కింద ఏం వెతుకుతున్నావు?"

నోయెలీన్ వంటింటి కిటికీలోంచి కేకేసింది.

గేటు బయట ఒకాయన నడుం వంచి, గుంజల మీద నిలబెట్టిన ఆ చెక్క ఇంటి కిందికి తొంగి చూస్తున్నాడు. నలభైకి దగ్గరపడ్డ మనిషి. మెడలో కెమెరా, నెత్తిన కొత్త టోపీ, ముక్కు మీద తెల్లగా సన్‌స్క్రీన్.

టూరిస్టు. ఇంకెవరు?

బ్రిస్బేన్‌లో జకరండాలు పూసే రోజుల్లో ఈ బెడద మామూలే. ఫెర్రీ దిగడం, వీధి పొడవునా ఊదాపూల ఫొటోలు తీసుకోవడం, కనబడ్డ ముసలమ్మనల్లా ఆ పెద్ద వరదలో నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయని అడగడం.

ఆ ప్రశ్న వింటే నోయెలీన్‌కి ఒళ్ళు మండుతుంది.

ఆ వరద ఆమె వంటింట్లోకీ వచ్చింది. ఫ్రిజ్జు పోయింది, సోఫా పోయింది. వాటికి ఆమె ఏడవలేదు. వంటింటి ద్వారబంధం చెక్క పోయింది. దానికి మాత్రం ఇప్పటికీ ఏడుస్తుంది.

ఆ చెక్క మీద కొడుకు రీస్ ఎత్తు గీతలుండేవి. ప్రతి పుట్టినరోజుకీ వాణ్ణి నిలబెట్టి వాళ్ళ నాన్న పెన్సిలుతో గీసేవాడు. చివరి గీత మాత్రం వాడే కుర్చీ ఎక్కి, తన తలకంటే పైన వంకరగా గీసుకున్నాడు.

"వచ్చే ఏడాదికి ఇంతవుతా, చూస్తూండమ్మా."

ఆ ఏడాది వాడికి రాలేదు. మెదడువాపు జ్వరం తీసుకుపోయింది.

వరద తీసిన రోజుల్లో ఆమె వేరే ఊళ్ళో, అక్క దగ్గర ఉంది. ఎక్కడెక్కడి జనమో పారలు పట్టుకుని వీధిలోకి దిగి, ఇల్లిల్లూ తిరిగి బురద ఎత్తిపోశారు. కూలి అడగలేదు, పేర్లు చెప్పలేదు. ఊరంతా వాళ్ళని నెత్తిన పెట్టుకుంది. ఆమె తిరిగొచ్చేసరికి ఇల్లు అద్దంలా ఉంది. ద్వారబంధం చెక్క లేదు.

ఊరంతా మెచ్చుకున్న ఆ మనుషుల్ని నోయెలీన్ ఒక్కతే తిట్టుకుంది. ఇన్నేళ్ళూ తిట్టుకుంటూనే ఉంది.

చేతిలో గిన్నెల గుడ్డతోనే మెట్లు దిగి గేటు దగ్గరికొచ్చింది.

"వరద గురించైతే నన్నడక్కు. అదిగో, ఆ కరెంటు స్తంభం మీద గీత ఉంది. ఫొటో తీసుకుని వెళ్ళు."

"కాదండీ. నేను... ఆ పైన..."

మాటలు ఒక్కొక్కటిగా కూడబలుక్కుంటున్నాడు. బట్టలుతికే తొట్టి పైన, ఇంటి అడుగు దూలాల వైపు వేలు చూపించాడు.

"అక్కడ. ఇంకా ఉందా?"

నోయెలీన్‌కి అర్థమైపోయింది. అది గ్లాడిస్ గోల.

గ్లాడిస్ ఒక కొండచిలువ. చాలా ఏళ్ళుగా ఆ దూలాల మీదే కాపురం. ఆ వీధిలో ఇలాంటివి ఇంకో రెండిళ్ళలో ఉన్నాయి. ఎలుకల్ని తింటాయి కదా అని వాటినెవరూ కదపరు, అవి ఉన్నచోట చెయ్యీ పెట్టరు. తన పాముకి అత్తగారి పేరు పెట్టుకుంది నోయెలీన్. ఆవిడా అంతేనట, ఒకసారి కూర్చుంటే లేచేది కాదు. టూరిస్టులకి మాత్రం అదో పెద్ద వింత.

"ఉంది, ఉంది. ఎక్కడికి పోతుంది?"

"నిజంగానా? మీరు చూశారా?"

"రోజూ చూస్తూనే ఉన్నాను కదయ్యా. దాని జోలికి ఎవర్నీ పోనివ్వను."

ఆయన టోపీ తీశాడు. అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

పాము కోసం ఏడ్చేవాణ్ణి నోయెలీన్ ఇదే చూడటం.

"ఒక్కసారి... లోపలికొచ్చి చూడొచ్చా?"

"ఇదేం టిక్కెట్టు పెట్టి చూపించే చోటు కాదు. వెళ్ళిరా నాయనా."

ఫెర్రీ రేవు దగ్గర్నుంచి ఒకావిడ, చిన్న పాప చేతులూపి ఆయన్ని పిలుస్తున్నారు.

"ఈ సాయంత్రం మా విమానం," అన్నాడాయన. "ఉందన్నారు, చాలు."

నడుం దాకా వంగి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. టీ తాగుతావా అని మాటవరసకైనా ఆమె అడగలేదు.

క్రిస్మస్ ముందు గ్లాడిస్ కుబుసం విడిచింది. అది దూలం మీంచి తొట్టిలోకి వేలాడుతోంది. గ్లాడిస్ వేటకి పోయినట్టుంది, కనబడలేదు. ఇదే అదనని పక్కింటి ట్రెవ్ నిచ్చెన తెచ్చాడు.

"మీ అత్తగారు గౌను మార్చినట్టున్నారే," అంటూ పైకెక్కి కుబుసం లాగాడు. లాగి ఆగిపోయాడు. "ఇక్కడేదో పొడుగాటి చెక్క ఉంది. పరుపేసినట్టు దీని మీద పడుకుంటోంది మహాతల్లి. అందుకే కదలదు."

చెక్కని కిందికి దించాడు.

నోయెలీన్ గిన్నెల గుడ్డతో దుమ్ము తుడిచింది.

పెన్సిలు గీతలు. ఒకదాని మీద ఒకటి. అన్నిటికంటే పైన ఒక వంకర గీత.

ఆమె మెట్టు మీద కూర్చుంది. చెక్కని ఒళ్ళోకి తీసుకుంది. ఆ వంకర గీత మీద వేలు పెట్టి చాలాసేపు ఏడ్చింది.

ట్రెవ్ బుర్ర గోక్కున్నాడు.

"ఇది ఆ కొరియా కుర్రాడి పనే."

"ఏ కుర్రాడు?"

"బురద ఎత్తడానికొచ్చిన వాళ్ళలో ఒకడు. బక్కపల్చగా ఉండేవాడు, మన భాష సరిగ్గా రాదు. ఆ చెక్క తీసుకెళ్ళి చెత్తలో పడెయ్యరా అన్నాను. గుండెకి కరుచుకుని వదల్లేదు. 'చెత్త కాదు, ఇందులో బాబున్నాడు' అన్నాడు. నీళ్ళ ట్యూబు పెట్టి దాన్నే కడుగుతూ కూర్చుంటే, నాకు చిరాకేసి పక్కవీధికి తోలేశాను. ఎక్కడ దాచి వెళ్ళాడో చూడనే లేదు."

నోయెలీన్ గేటు వైపు చూసింది. జకరండా పూలన్నీ ఎప్పుడో రాలిపోయాయి.

ఇన్నేళ్ళూ తను తిట్టుకున్న మనిషి మొన్న ఆ గేటు దాకా వచ్చి, రీస్ ఇంకా ఉన్నాడా అని అడిగి, ఉన్నాడని ఆమె నోటే విని, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాడు.