ఇంజినీరు ఇల్లు

పొద్దుటి నుంచీ మబ్బు కురవదు, విడవదు. దీవిలోని వాయిలేవు ఊరి చెరకు చేల మీద అటూ ఇటూ తిరుగుతోంది. శోభ్నా కూడా ఫోను పట్టుకుని వరండాలో అలాగే తిరుగుతోంది.

"కూర్చోవే. ఏం రాస్తున్నావ్?" అన్నాడు తాత అప్పన్న.

"టీవీలో ఓడ సీరియల్ లేదూ? ఆ మనుషులతో సొంత కథ రాసి నెట్‌లో పెడతాను తాతా. అందరూ తెల్ల కెప్టెన్ కథే అడుగుతారు. ఇవాళ ఇంజినీరుని చంపేస్తున్నా."

"ఆ నల్లబ్బాయినా? అచ్చం మన పిల్లాడిలా ఉంటాడు. వాడేం చేశాడే?"

"వాడు పోతే కెప్టెన్ ఏడుస్తాడు. కెప్టెన్ ఏడిస్తే జనం ఎగబడి చదువుతారు."

"మరి వాడి ఇంట్లో ఎవరేడుస్తారు?"

"టీవీలో వాడికి ఇల్లే చూపించలేదుగా."

తాత నవ్వాడు. "మా ఊరి రామ్‌లీల నాటకంలో తెల్లటి కుర్రాడికి నీలం రంగు పూసి రాముణ్ణి చేసేవారు. నాకు రంగు ఖర్చు లేదని రాక్షసుణ్ణి చేసేవారు. ఏటా చచ్చేవాణ్ణి. జనం ఒకటే చప్పట్లు. మా అమ్మ మాత్రం ఆ రోజు చూడ్డానికి వచ్చేది కాదు."

శోభ్నా నడక ఆగింది. రాసిందంతా చెరిపేసింది. ఇంజినీరు సెలవు మీద ఇంటికి వెళ్ళాడనీ, వాళ్ళమ్మ తలుపు తీసిందనీ రాసి నెట్‌లో పెట్టేసింది.

"నీ జనం ఏమంటారే?"

"తిడతారు."

తాత అన్నం, డబ్బా చేపల కూర వడ్డించాడు. 'కెప్టెన్ ఏడీ?' అంటూ ఫోనుకి మెసేజీలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. శోభ్నా ఫోను బోర్లా పెట్టింది. అది చాప మీద వణుకుతూనే ఉంది. శోభ్నా అన్నం కలుపుకుంది.