ఫ్యూజు దొంగ

కారులోంచి ఫ్యూజు మళ్ళీ మాయమైంది. దొంగ బయటివాడు కాదని రాంచందర్‌కి ఇప్పుడు అనుమానం కాదు, నమ్మకమే.

బయటి దొంగయితే బ్యాటరీ ఎత్తుకుపోతాడు, టైర్లు విప్పుకుపోతాడు. డాష్‌బోర్డు కింద మూత తీసి, గోరంత ఫ్యూజు ఒక్కటి పీకి, మూత మళ్ళీ జాగ్రత్తగా పెట్టిపోతాడా? ఆ మధ్య ఎదురింటి స్వరూప స్కూటీ పోయినప్పుడు దొంగలు ఏకంగా గేటు తాళమే పగలగొట్టారు. అప్పటినుంచి రాంచందర్ తన గేటు తాళాన్ని ఒకటికి రెండుసార్లు లాగి చూసుకుంటున్నాడు. తాళం చెక్కు చెదరలేదు. అంటే ఇది ఇంట్లోవాళ్ళ పనే.

ఎందుకు చేస్తున్నారో కూడా అతనికి తెలుసు. ఇంట్లో ఆర్నెల్లుగా ఒకటే గొడవ.

"ఎంతని రిపేర్లు చేపిస్తవ్ బాపూ? అమ్మేద్దాం. కొత్తది తీసుకుందాం, నేనే నడుపుత" అంటాడు కొడుకు సంతోష్.

"గీ బండికేమైంది? సిద్దిపేట నుంచి హైదరాబాద్‌కు నా అంత సక్కగ ఎవడు నడుపుతడు?" అంటాడు రాంచందర్. కొడుకుని కాలేజీలో చేర్పించింది ఆ కారులోనే. కోడలు దీక్షితను ఇంటికి తెచ్చుకుంది ఆ కారులోనే. దాన్ని ఎవడికో అప్పగించి, కొత్త కారులో పక్కసీట్లో చేతులు కట్టుకుని కూర్చోవాలట!

మెకానిక్ చిరంజీవి కూడా మొదట్లో తన పక్షమే ఉన్నాడు. "ఇంజను రాయి లెక్క ఉన్నది పటేలా. ఇంకా పదేండ్లు గుంజుతది. ఎవరో ఫ్యూజు పీకుతున్నరు, గంతే" అన్నాడు. తర్వాత ఓరోజు రాంచందర్ భార్య ప్రమీలాదేవి మెదక్ రోడ్డులో ఉన్న అతని షెడ్డుకి వెళ్ళివచ్చింది. మర్నాటికల్లా చిరంజీవి మాట మారిపోయింది. "అమ్మేయుండ్రి పటేలా, ముసలి బండి. నమ్మరాదు" అన్నాడు, మొహం చూడకుండా.

అందరూ కలిసిపోయారన్నమాట. రాయపోల్‌కి సర్పంచ్‌గా ఉన్న కాలంలో బావుల దగ్గర ఎన్ని మోటారు దొంగతనాలు తేల్చాడు రాంచందర్! దొంగల భయముంటే ఫ్యూజు పీకి జేబులో వేసుకోమని రైతులకి నేర్పిందీ అతనే. దొంగల్ని వరసగా నిలబెట్టి మొహాల్లోకి చూస్తే చాలు, నిజం దానంతటదే బయటపడేది. అలాంటివాడికి సొంత ఇంట్లో దొంగ దొరకడా?

ఆ పొద్దున మనవరాలికి వర్గల్‌ గుడిలో అక్షరాభ్యాసం. కారు తానే నడుపుతానని రాంచందర్ ముందే చెప్పాడు. అందరికన్నా ముందు స్నానం చేసి, కొత్త లాల్చీ తొడుక్కుని, కారు ఓసారి చూసుకుని కూడా వచ్చాడు. తీరా పలకతో, పూలతో అందరూ ఎక్కి కూర్చున్నాక తాళం తిప్పితే కారు ఉలకలేదు, పలకలేదు. ఫోను చేయగానే చిరంజీవి బైకు మీద వచ్చి, మూత తీసి చూసి, తల అడ్డంగా ఊపాడు.

రాంచందర్ అందరినీ దించి వాకిట్లో నిలబెట్టాడు.

"ఎవరు తీసిన్రు? నిజం చెప్పుండ్రి. నేనేమన."

ప్రమీలాదేవి కొడుకు వైపు చూసింది. సంతోష్ తల దించుకున్నాడు.

"నేనే తీసిన బాపూ."

రాంచందర్ ఛాతీ పొంగింది. "తీసి ఏడ పెట్టినవ్?"

"పడేసిన."

"ఏడ?"

సంతోష్ అటూ ఇటూ చూసి, గేటు ముందున్న మురిక్కాలువ చూపించాడు. "మోరీల."

"వాడు కాదు, నేను తీసిన" అంటూ ప్రమీలాదేవి ముందుకొచ్చింది. "వానికేం తెల్వదు."

"ఫ్యూజు ఎట్లుంటదో నీకెరుకేనా? ఏ రంగు చెప్పు!"

ఆమె బిక్కమొహం వేసి చిరంజీవి వైపు చూసింది. అతను గొంతు సవరించుకున్నాడు.

"తప్పు నాది పటేలా. కిందటిసారి నేనే సరిగ బిగియ్యలే. ఊడి ఏడనో పడిపోయుంటది."

దీక్షిత మొహం పక్కకి తిప్పుకుని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆమెకీ ఇందులో వాటా ఉందని రాంచందర్‌కి అర్థమైపోయింది.

అతనికి నవ్వొచ్చింది. నేను కాదంటే నేను కాదని కొట్టుకున్న దొంగల్ని చూశాడు గానీ, నేనంటే నేనని పోటీపడేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నాడు.

"నా బండి అమ్మిపియ్యనీకె గింతమంది ఏకమైన్రా? సరే, ఒక్క మాట ఇనుండ్రి. ఎవడు తీసిండో వస్తువు వాని దగ్గర్నే ఉంటది. ఎవరి దగ్గరున్నా బయటికి తియ్యుండ్రి. గిప్పుడే బండి అమ్మేస్త, మళ్ల స్టీరింగ్ ముట్ట. ఎవరి దగ్గర లేకుంటే, నేను పోయేదాక గీ బండే నడుపుత. ఎవ్వరూ అడ్డం రావద్దు."

ప్రమీలాదేవి కళ్ళనిండా నీళ్ళు.

"గీ పంచాయితీ వద్దు. పిల్లకు ముహూర్తం దాటిపోతది. కిరాయి బండి మాట్లాడుకొని పోదాం, నడువుండ్రి" అంటూ భర్త చెయ్యి పట్టుకుంది.

"సూసినవా? ఒక్కరి దగ్గర లేదు! అబద్ధం గిట్లనే దొరుకుతది" అంటూ రాంచందర్ చెయ్యి విడిపించుకున్నాడు. సర్పంచ్‌గిరీ పోయి ఇన్నేళ్ళయినా తన తీర్పుకి ఎదురు లేదన్న సంతోషంతో నలుగురి వైపూ గర్వంగా చూశాడు. నుదుటికి పట్టిన చెమట తుడుచుకుందామని లాల్చీ జేబులో చెయ్యి పెట్టాడు.

చేతిరుమాలు కంటే ముందు వేళ్ళకి ఫ్యూజు తగిలింది.