ఎవరి పోలిక

“ముట్టుకోకుండ్రి. బెదిరితే కూయదు,” అన్నాడు నర్సింహ.

ఇద్దరూ పంజరానికి రెండడుగుల దూరంలో ఆగారు. కోదాడ వినోద్ ఇటు, మిర్యాలగూడ ధనుంజయ్ అటు. నర్సింహ గొర్రెల దొడ్డిలోకి అప్పుడే ఎండ వస్తోంది.

వినోద్‌ది మగ పిగిలిపిట్ట, తోక కింద ఎరుపు. ధనుంజయ్‌ది ఆడ తురాయి పిగిలి, చెంప మీద ఎర్ర చుక్క. రెండూ పందెం పిట్టలే. జత కట్టించమని నర్సింహకు ఇచ్చారు. వాటిని పిల్లి ఎత్తుకుపోయిందని, వాటికి పుట్టిన ఒక్క సంకర పిల్ల మాత్రం మిగిలిందని నర్సింహ కబురు పెట్టాడు.

పై ఆదివారం సూర్యాపేటలో పోటీ. సంకర పిట్ట బరిలో దిగితే ఎదుటి పిట్టకు కళ్లు మిగలవని పేరు. పోలిక ఎవరి పిట్టదైతే పిల్ల వాళ్లది. తేల్చాల్సింది నర్సింహ.

“తోక చూశావా బాబాయ్? అచ్చం నా పిట్టే,” అన్నాడు వినోద్.

“తోకతోని కొట్లాడతదారా? చెంప సూడు కాకా!” అన్నాడు ధనుంజయ్.

“ఈకలను నమ్మొద్దు. గొంతు వినాలె.”

నర్సింహ పంజరం మీద గొంగడి కప్పి, తన తల కూడా లోపల పెట్టాడు. ముందు పిగిలిపిట్ట కూత వినిపించింది. కాసేపటికి తురాయి పిగిలి కూత.

తల బయటికి తీశాడు.

“తోక తండ్రిది. చెంప తల్లిది. గొంతు ఇద్దరిది. నాతోని కాదు, మీరే తేల్చుకోండ్రి.”

ఇద్దరి చేతులూ ఒకేసారి పంజరం మీద పడ్డాయి. ధనుంజయ్ తలతో గుద్దితే వినోద్ ముక్కు పగిలింది. గోడకు ఆనించి గొడ్డలి ఉంది, పొద్దున్నే నూరింది. వినోద్ అది అందుకుని ధనుంజయ్ మెడ మీద వేశాడు. పడిపోతూనే ధనుంజయ్ నడుముకున్న కత్తి లాగి వాడి కడుపులో దించి తిప్పాడు. గొర్రెలు ఒక మూలకు ఒదిగాయి.

“బాబాయ్... అంబులెన్స్...”

నర్సింహ కదల్లేదు. నాలుగేళ్ల కింద ఆయన భార్య మంగమ్మ పెన్‌పహాడ్ రోడ్డు మీద ఇలాగే పడి ఉంది. గుద్ది ఆపకుండా పోయిన కారులో ఉన్నది వీళ్లిద్దరే. ఎవరు నడిపారో తేలలేదని కేసు కొట్టేశారు. తర్వాత ఏమీ జరగనట్టే పిట్టలు పట్టుకొని వచ్చారు.

మధ్యాహ్నం పోలీసులు రెండు శవాలనూ ఎత్తారు.

“పిట్ట కోసమా?” ఎస్సై నమ్మలేకపోయాడు.

“పిట్ట కోసమే సార్.”

జీపు మలుపు తిరిగాక నర్సింహ తడిగుడ్డతో పిట్ట చెంపల మీది మంగమ్మ పారాణి తుడిచి, పంజరం తలుపు తీసి, ఎగిరిపోతున్న ఆ మామూలు పిగిలిపిట్ట వెనక తురాయి పిగిలి కూతను తన నోటితోనే ఈలగా వేశాడు.