చిక్కుపడ్డ దారం

"ఎందుకూ పనికిరానని అనుకుంటున్నారు. దానికి రుజువేమిటి?" అని అడిగింది చెవికమ్మ. మనసు కుంగినవాళ్ళందరికీ ఇప్పుడు ఆసుపత్రిలో ఇస్తున్న మాట్లాడే కమ్మే అది.

నేను మంచం మీదే అటు తిరిగి దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను.

"పోనీ, లేచి ఒక చిన్న పని చేయండి వకుళగారూ."

ఏం పని ఉందని? గిన్నెలు తోమడం నుంచి బట్టలు మడతపెట్టడం దాకా అన్నీ ఇల్లే చేసుకుంటోంది.

చిన్నప్పుడు, అమ్మ చనిపోయాక, నేనిలాగే మంచం దిగకపోతే, మిషన్ కుట్టే పిన్ని చిక్కుపడ్డ దారం తెచ్చి ఒళ్ళో పడేసేది.

"ఒక్క ముడి విప్పవే. తర్వాత పడుకుందువుగాని."

ఒక్కదానితో ఎప్పుడూ ఆగలేకపోయేదాన్ని.

పెట్టెలోంచి పాత రీలు తీసి, దారాన్ని చేతులారా చిక్కువేసి, విప్పడానికి కూర్చున్నాను. మూడో ముడి దగ్గర వేళ్ళు ఆగిపోయాయి. గుడ్డపీలిక కూడా చిందరవందరగా ఉంచని పిన్ని దగ్గర దారం రోజూ ఎలా చిక్కుపడేదో ఇన్నేళ్ళకు అర్థమైంది.