జిగురు గిన్నె

"జిగురు గిన్నెను ఇటు జరిపిందెవరు?"

సూపర్‌వైజరు కేకకు అట్టపెట్టెల కార్ఖానాలో చేతులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అందరి చూపులూ కిటికీ పక్క బల్ల మీదికి వెళ్లాయి. అక్కడ కూర్చున్న కొత్తమ్మాయి లేచి నిలబడింది.

"నేనేనండీ. గిన్నె అటుంటే బ్రష్షును అట్ట మీదుగా తేవాల్సి వస్తోంది. జిగురు చుక్కలు పడి పెట్టెలు పాడవుతున్నాయి. ఇటు పెట్టాక ఒక్క చుక్క పడలేదు, చూడండి."

"చూడను. ఇది పెద్దాయన స్వయంగా పెట్టిన పద్ధతి. నాకు ముందున్నాయన అలాగే చేయించాడు, నేనూ అలాగే చేయిస్తున్నాను. నిన్నగాక మొన్న వచ్చి నువ్వు మార్చేస్తావా?"

"అలా ఎందుకు పెట్టారో ఎవరైనా అడిగారాండీ?"

అడగొచ్చన్న సంగతే సూపర్‌వైజరుకు కొత్త.

పక్క బల్ల అక్క మోచేత్తో పొడిచింది. "ఊరుకోవే తల్లీ! నీ ఉద్యోగం పక్కా చేసేది ఇవాళే. సాయంత్రం దాకా నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయింది?"

అలా అంటున్న అక్క చొక్కా చెయ్యి జిగురుతో బిర్రబిగుసుకుపోయి ఉంది. ఆ మాటకొస్తే హాల్లో అందరి చొక్కాలదీ అదే కథ.

అంతలో పెద్దాయనే లోపలికి వచ్చారు. కార్ఖానా పెట్టింది ఆయనే. కొడుక్కి అప్పగించాక ఈ హాల్లోకి తొంగిచూడలేదు. ఇవాళ కొడుకు ఊళ్లో లేకపోవడంతో కొత్తవాళ్ల పని చూడ్డానికి తనే బయల్దేరారు. సూపర్‌వైజరు ఎదురెళ్లి, ఉన్నదానికి మరో నాలుగు కలిపి చెప్పేశాడు.

"గిన్నె పాత చోటే పెట్టమ్మా," అన్నారు పెద్దాయన, ఆమె కుర్చీలో కూర్చుంటూ.

కొత్తమ్మాయి ఉండబట్టలేకపోయింది. "పెడతానండీ. కానీ నాకు ఇటే బాగుంది," అంటూనే జరిపింది.

ఆయన అట్ట మడిచారు, జిగురు రాశారు, మూలలు నొక్కారు. చూస్తుండగానే పెట్టె తయారైపోయింది. ఎక్కడా ఒక్క చుక్క లేదు.

"చూశావా? పద్ధతంటే అదీ!" సూపర్‌వైజరు ముఖం వెలిగిపోయింది.

కొత్తమ్మాయికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంటికెళ్లి అమ్మకేం చెప్పాలి? నోటి దురుసు వల్ల ఉద్యోగం పోయిందనా?

"ఏదీ, మీరూ చెయ్యండి," అన్నారు పెద్దాయన మిగతావాళ్లతో.

హాలంతా పనిలోకి వంగింది. అందరూ ఒళ్లు మెలితిప్పి బ్రష్షు ముంచుతున్నారు. అట్ట మీదుగా తెచ్చి, దారి పొడుగునా చుక్కలు రాల్చి, మళ్లీ గుడ్డతో తుడుస్తున్నారు. పెద్దాయన కాసేపు నోరు తెరుచుకుని చూశారు. ఆ తర్వాత కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు.

"అమ్మాయ్, నీ ఉద్యోగం పక్కా! గిన్నె నీ ఇష్టమొచ్చిన చోట పెట్టుకో."

కొత్తమ్మాయి గంతేసినంత పని చేసింది. అక్క ఆమెను గట్టిగా కావిలించుకుంది. జిగురు అంటుకుంటుందన్న ధ్యాస ఇద్దరికీ లేదు.

"మరి... మీరు పెట్టిన పద్ధతండీ?" అన్నాడు సూపర్‌వైజరు బిక్కమొహంతో.

పెద్దాయన కళ్లు తుడుచుకుంటూ, బ్రష్షు పట్టుకున్న చేతిని పైకెత్తి చూపించారు.

"నాది ఎడమచేతి వాటమయ్యా! మీ అందరికీ ఏమొచ్చింది?"